సినిమాలో లేని చెయ్యి

గురువారం పొద్దున్న ఆరున్నరకి చంద్రరావు మూడో వరస డబ్బాలు లేపుతున్నాడు. గొలుసు కిర్రుమంటూ కదిలింది. ఉప్పునీళ్ల ట్యాంకులోంచి పొడుగాటి ఇనప డబ్బాలు ఆరు ఒక్కసారిగా పైకి లేచి, నీళ్లు కారుస్తూ గాల్లో వేలాడాయి. వాటిని పక్క తొట్టిలో మంచినీళ్లలో ముంచి, కాసేపు ఆగి, ఒరగదోశాడు. ఐసు దిమ్మలు జర్రుమని చెక్కల మీదికి జారాయి. ఎక్కువసేపు ముంచితే దిమ్మ కరిగిపోతుంది, తక్కువ ముంచితే డబ్బాని వదలదు. ఆ తూకం అతని చేతులకి తెలుసు. నరసాపురంలో ఈ ఐసు ఫ్యాక్టరీకి వచ్చి ఏడేళ్లయింది. అంతకుముందు మొగల్తూరు అవతల పాలెంలో రొయ్యల ఫ్యాక్టరీలో చేసేవాడు. అమోనియా మిషన్ల పని అక్కడ నేర్చుకున్నదే.

రోడ్డుకి అవతలి గోడ మీద రాత్రికి రాత్రి కొత్త పోస్టరు వెలిసింది. చొక్కా చిరిగిన హీరో ఒక చేత్తో హీరోయిన్ని, ఇంకో చేత్తో గొలుసుని పట్టుకుని దూకుతున్నాడు. వెనక ఫ్యాక్టరీ భగభగా మండుతోంది. కింద పసుపు రంగు అక్షరాల్లో "గోదావరి తీరాన నిజంగా జరిగిన కథ" అని ఉంది.

చంద్రరావు దాన్ని చూసి తల తిప్పుకున్నాడు. అమోనియా లీకైన రోజు పాలెంలో అగ్గిపుల్లంత మంట కూడా లేదు. తెల్లటి పొగ, కళ్లు పీకేసేంత ఘాటు. అంతే.

"అన్నయ్యా, ఐదు కేజీలు కొట్టించు. ఎక్కువొద్దు. కార్తీకమాసం కదా, చేప కొనేవాడే లేడు."

లోవలక్ష్మి గంప దించి గుమ్మంలో నిలబడింది. రెండ్రోజులకోసారి ఆమె ఐసు కోసం వస్తుంది. ఆమె భర్త తాతాజీ రొయ్యల ఫ్యాక్టరీలో ఆపరేటరు. చంద్రరావు అతని కింద రెండో ఆపరేటరు. తాతాజీ పోయిన దగ్గర్నించీ చంద్రరావు ఆమె ఐసుకి తూకం కొంచెం మొగ్గు చూపించి వేస్తాడు. ఆమె అది గమనించింది గానీ ఎప్పుడూ మాట్లాడలేదు.

"రేపు పాలెం వాళ్లందరం ట్రాక్టరు కట్టించుకుని వస్తన్నాం, మ్యాట్నీకి. మా అత్త కూడా వస్తానంటంది," అంది లోవలక్ష్మి.

"ఆవిడకి చూపు ఆనదు కదమ్మా."

"చూపు ఆనకపోతే ఏంటి, మాటలు ఇనపడతాయిగా. కొడుకుని చూపిస్తారంట అని పది రోజుల్నించీ ఒకటే పోరు. పెట్టెలో చీర తీసి ఎండలో వేసుకుంది." లోవలక్ష్మి నవ్వింది. "నువ్వు కూడా రావాలన్నయ్యా. ఆ సినిమా బాబుకి కథంతా చెప్పింది నువ్వే కదా. ఆయన లోపలికెళ్లి తిరిగి రానిది చూపిస్తే నేను తట్టుకోలేను. నువ్వు పక్కనుంటే ధైర్యం."

"డ్యూటీ ఉందేమో."

"మార్చుకో. ఏడేళ్లకోసారి మార్చుకుంటే ఎవరేమంటారు?" అని, గొంతు తగ్గించి, "రత్నమాణిక్యం వదిన కూడా వస్తాదంట. మా ట్రాక్టరెక్కదనుకో. బస్సులో వస్తాదంట," అంది.

రత్నమాణిక్యం కూతురు కూడా ఆ ప్రమాదంలోనే పోయింది. పేరు చిన్నమ్మాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల, రొయ్యలు ఒలిచే హాల్లో చివరి బల్ల దగ్గర కూర్చునేది. ఆపరేటరు తాగి వాల్వు మూయడం మర్చిపోయాడని కంపెనీ రిపోర్టు రాసింది, పేపర్లు అదే వేశాయి. రత్నమాణిక్యానికీ లోవలక్ష్మికీ ఇళ్ల మధ్య ఒకటే తడిక. ఆ తడికకి అవతల్నించి ఏడేళ్లుగా ఒక్క మాట ఇవతలికి రాలేదు. కుళాయి దగ్గర లోవలక్ష్మి బిందె ఉంటే రత్నమాణిక్యం వెనక్కి తిరిగి వెళ్లిపోయేది.

"సినిమా చూస్తే ఆవిడ మనసు మారుద్దేమో అన్నయ్యా. మా ఆయన లోపలికెళ్లింది వాళ్లమ్మాయి కోసమేనని ఆవిడకి ఎవరు చెప్పారు చెప్పు?"

చంద్రరావు ఐసు ముక్కల మీద ఊక చల్లి, గంప ఎత్తి ఆమె తలకి అందించాడు.

ఆమె వెళ్లాక తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఏడాది కిందట హైదరాబాదు నుంచి గణేష్‌బాబు అనే కుర్ర అసిస్టెంటు డైరెక్టరు తన ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పేడ్ మీద రాసుకుంటూ అడిగాడు: "రిపోర్టులో ఆపరేటరు తాగి ఉన్నాడని ఉందండి. నిజమేనాండి?"

చంద్రరావు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. చేతికున్న గ్రీజు నూలుపీచుతో తుడుచుకుంటున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకుని, "అందరూ అలాగే అన్నారండి," అన్నాడు.

గణేష్‌బాబు అది రాసుకుని, కింద గీత గీసుకున్నాడు.

*

శుక్రవారం మ్యాట్నీకి హాలు సగం పాలెం జనంతోనే నిండింది. బెంచీ టిక్కెట్ల వరసలో లోవలక్ష్మి, ఆమె పక్కన అత్త అచ్చాయమ్మ, ఆ పక్కన తాతాజీ కూతురు ఉషారాణి. పిల్ల తొమ్మిదో క్లాసు. చంద్రరావుకి లోవలక్ష్మి పక్కనే సీటు ఉంచారు. నాలుగు వరసల ముందు రత్నమాణిక్యం ఒంటరిగా, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది.

మొదటి అరగంటా హీరో ఊళ్లోకి రావడం, పాపికొండల్లో లాంచీ మీద పాట. హీరోయిన్ రొయ్యల ఫ్యాక్టరీలో కూలిపిల్ల. గోళ్లకి ఎర్రరంగు వేసుకుని, చెవులకి జూకాలు ఊగుతుండగా ఒక్కొక్క రొయ్యనీ ముద్దుగా పట్టుకుని ఒలిచింది.

"అదేం ఒలవడమే! బత్తాయి తొనలనుకుందా?" అని వెనక్కాల ఎవరో అన్నారు. ఆడవాళ్లందరూ ఫక్కున నవ్వారు. "ఐసునీళ్లలో ఒక్క పూట చెయ్యి పెట్టమను. ఆ రంగూ ఉండదు, గోరూ ఉండదు."

చంద్రరావు కూడా నవ్వాడు. ఇది వేరే ఏదో కథ, మనకి సంబంధం లేదు అనిపించి కాస్త ఊపిరి తిరిగింది.

ఇంటర్వెల్లుకి ముందు మిషన్ల గది వచ్చింది. సంగీతం మారింది. లుంగీ పైకి కట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని, బుగ్గ మీద కాటుకతో పుట్టుమచ్చ పెట్టుకున్న హాస్యనటుడు ఊగుతూ లోపలికి వచ్చాడు. వాడి పేరు బుడ్డిబాబాయ్. కంప్రెసరుని పెళ్లామనుకుని కావలించుకున్నాడు. అది వేడిగా తగిలితే "జొరం వచ్చిందే నీకు?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. తర్వాత సీసాలో కలుపుకోడానికి సోడా కావాలని వెతుక్కుంటూ, గోడకున్న వాల్వుని సోడా పంపు అనుకుని గిర్రున తిప్పాడు. తెర నిండా పొగ. దాని వెంటే మంట.

నవ్వుల మధ్యలో అచ్చాయమ్మ కూడా బోసినోటితో నవ్వుతూ కోడలి చెయ్యి తట్టింది. "ఎవరే ఆడు? భలే తిక్కలోడిలాగున్నాడే!"

లోవలక్ష్మి చెయ్యి బెంచీ చెక్కని పట్టుకుని ఉంది. చీకట్లో కూడా ఆ వేళ్ల కణుపులు తెల్లగా తేలడం చంద్రరావుకి కనిపించింది. ఉషారాణి తల వంచుకుని తన ఒళ్లోకి చూసుకుంటోంది.

"మనోడు వచ్చేడా?" అంది అచ్చాయమ్మ.

"ఇంకా రాలేదత్తా."

చంద్రరావు తన కుడిచెయ్యిని తొడ కింద పెట్టుకున్నాడు. ఆ రోజు వాల్వు తిప్పిన చెయ్యి అది. తాతాజీ చెయ్యి కాదు. కంప్రెసరు నూనె కొంత గ్యాసుతో పాటు కొట్టుకొచ్చి ట్యాంకు అడుగున పేరుకుంటుంది. దాన్ని బకెట్లోకి వదలాలంటే వాల్వు కొద్దిగా తెరిచి, నూనె అయిపోయి గ్యాసు బుస్సుమనే దాకా దాని మీద చెయ్యి ఉంచి, వెంటనే బిగించెయ్యాలి. ఆ మధ్యాహ్నం నూనె చిక్కగా, జిగురులా, చుక్కచుక్కగా దిగుతోంది. వాచ్‌మన్ గదిలో టీవీ పెట్టారు. వరల్డ్‌కప్పు మ్యాచి. ఒక్క ఓవరు చూసొద్దామని వెళ్లాడు. మనవాళ్లు బాగా కొడుతున్నారు. ఇంకో ఓవరు, ఇంకో ఓవరు అనుకుంటూ నిలబడిపోయాడు. అరుపులు వినపడి వెనక్కి తిరిగేసరికి మిషన్ల గది తలుపులోంచి తెల్లటి పొగ నేల మీద పాకుతూ ఒలుపు హాలు వైపు పోతోంది.

చివరికి తెర మీద హీరో హెలికాప్టరు నుంచి తాడు పట్టుకుని దిగి అందర్నీ రక్షించాడు. ఎవరూ చనిపోలేదు. బుడ్డిబాబాయ్ కూడా బతికి, మసి మొహంతో "ఇంక తాగనండి బాబూ" అని చెవులు పట్టుకుని గుంజీలు తీశాడు. లైట్లు వెలిగాయి.

"అయిపోయిందా? మనోడేడీ?" అంది అచ్చాయమ్మ, తల అటూ ఇటూ తిప్పుతూ.

"ఇది వేరే ఊరి కథంటత్తా. మనది కాదంట," అంది లోవలక్ష్మి. ముసలావిడని రెక్క పట్టుకుని లేపింది.

మెట్ల దగ్గర రత్నమాణిక్యం వాళ్లకి ఎదురుగా వచ్చి ఆగింది. ఏడేళ్ల తర్వాత నోరు విప్పింది. "మా పిల్ల చచ్చిపోనేలేదంట కదా. చచ్చిపోని దానికి ఏడుస్తన్నానన్నమాట ఇన్నాళ్లూ," అని లోవలక్ష్మి మొహంలోకి చూసింది. "మీ ఆయన్నయినా చూపించారు. నయం."

పక్కన నిలబడ్డ మనిషికి ఆ మాట తగులుతుందని ఆమెకేం తెలుసు? చంద్రరావు చెప్పుల కోసం వెతుకుతున్నట్టు కిందికి వంగాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

*

శనివారం పదకొండింటికి లోవలక్ష్మి గంప లేకుండా వచ్చింది. చంద్రరావు అప్పుడు నూనె వదులుతున్నాడు. గొంతుక్కూర్చుని, ఎడం చేత్తో గొట్టాన్ని బకెట్లోకి వంచి పట్టుకుని, కుడిచెయ్యి వాల్వు చక్రం మీద ఉంచాడు. నల్లటి నూనె సన్నటి ధారగా దిగుతోంది. ఆమెని చూసి కూడా లేవలేదు.

"పనుంటే చేసుకో. ఆగుతాను," అని ఆమె గోడకి ఆనుకుంది.

ఐదు నిమిషాలైంది. నూనె ఇంకా దిగుతోంది.

"చెయ్యి నొప్పి పుట్టదా అన్నయ్యా? కాసేపు తీస్తే ఏం?"

"తియ్యకూడదమ్మా."

"ఆయన తీసేరా?"

ధార తెగి, బుస్సుమని చిన్న శబ్దం వచ్చింది. ఘాటు ముక్కుకి కొట్టింది. చంద్రరావు వాల్వు బిగించాడు. మళ్లీ ఇంకోసారి బిగించాడు. అది బిగుసుకునే ఉంది.

"పిల్ల ఇవాళ బడికి వెళ్లలేదు," అంది లోవలక్ష్మి. "నిన్న ట్రాక్టరు దిగేసరికే మొదలెట్టేరు. బుడ్డిబాబాయ్ కూతురంట. మొహం కూడా కడుక్కోకుండా పడుకుంది. నాన్న నిజంగా తాగేడా అని పొద్దున్న అడిగింది. నేనేం చెప్తాను? నేను అక్కడ లేను కదా. నువ్వున్నావు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "రిపోర్టు మీద సాక్షి సంతకం నీదేనని తెలుసు. అది నిజం కాకపోతే నువ్వు చెప్పి ఉండేవాడివి కదా అని నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. ఆ రోజు ఆయన తాగేడా?"

చంద్రరావు చేతులు నూలుపీచు కోసం వెతికాయి. దొరకలేదు.

"లేదమ్మా. తాగలేదు."

"చుక్క కూడా?"

"చుక్క కూడా. కాలవ గట్టున కూర్చుని అన్నం తింటన్నాడు. మజ్జిగన్నం. కేకలు ఇనపడగానే చెయ్యి కూడా కడుక్కోలేదు. తువ్వాలు కాలవలో తడిపి మొహానికి చుట్టుకుని లోపలికి పరిగెత్తాడు."

లోవలక్ష్మి మెల్లగా కిందికి జారి నేల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకోలేదు. "మరి ఎందుకలా రాసేరు?" అంది.

"మాస్కులు లేవమ్మా ఫ్యాక్టరీలో. బీరువా మీద రాసుంటాది, లోపల ఖాళీ. అది బయటికొస్తే ఓనరుగారి మీదికి వస్తాదని... పోయినోడికి శిక్షేముంటాది, బతికున్నోడివి నీ సంగతి చూసుకో అన్నాడు మేనేజరు. పెట్టమన్నచోట సంతకం పెట్టేను."

అందులో అబద్ధం లేదు. అయినా చెప్తుంటే, వల బాగుచేసేవాడు చిరుగు దాకా వచ్చి ఆగిపోయినట్టు తను ఎక్కడ ఆగుతున్నాడో చంద్రరావుకి తెలుస్తూనే ఉంది.

లోవలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. "ఇప్పటికైనా చెప్పేవు. అది చాలు. రేపు ఆదివారం పాలెం రా అన్నయ్యా. మా అత్తకి చెప్పు, పిల్లకి చెప్పు. రత్నమాణిక్యం వదిన్ని కూడా పిలుస్తాను. ఆ సినిమా వాళ్లు చెప్పనిది నువ్వు చెప్పు."

*

ఆదివారం తొమ్మిదింటికి అతను సైకిలు దిగేసరికి లోవలక్ష్మి వాకిట్లో చాప పరిచి ఉంది. అచ్చాయమ్మ సినిమాకి కట్టుకున్న చీరే కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఉషారాణి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చుట్టుపక్కల ఆడవాళ్లు పదిమంది దాకా చేరారు. రత్నమాణిక్యం వాకిట్లోకి రాలేదు. తడికకి అవతల ఆమె ఎండుచేపలు తిరగేస్తూ కూర్చున్న అలికిడి మాత్రం వినిపిస్తోంది.

చంద్రరావు చెప్పాడు. మొదట తడబడ్డాడు, తర్వాత మాట దొరికింది. తాతాజీ తువ్వాలు తడుపుకోవడం. లోపలికెళ్లి ముందు వాల్వు కట్టెయ్యడం. కళ్లు తెరవలేక గోడ తడుముకుంటూ ఒలుపు హాల్లోకి వెళ్లి, ఆడపిల్లల్ని ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి తోయడం. పదకొండుమంది. బయటికొచ్చి ఒక్క గుక్క గాలి పీల్చి, "చివరి బల్ల పిల్లేది?" అని అడగడం. వద్దురా అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని మళ్లీ వెళ్లడం.

"తలుపు దగ్గరే దొరికేరు ఇద్దరూ. ఆ పిల్ల మొహానికి వీడి తువ్వాలు చుట్టుంది. వీడి మొహానికేం లేదు."

తడికకి అవతల అలికిడి ఆగిపోయింది.

వాకిట్లో ఆడవాళ్లందరూ కళ్లొత్తుకుంటున్నారు. "నన్ను తోసింది తాతాజీ బావే, నాకు గుర్తుంది," అని ఒకామె ఏడ్చింది. అచ్చాయమ్మ చేతులు గాల్లో తడుముతూ చంద్రరావు తల అందుకుని, వేళ్లు మెటికలు విరుచుకుంది. "నా తండ్రే. ఇదీ కథంటే. ఇది తియ్యలేదే ఎదవలు! నువ్వు సల్లగుండాలయ్యా."

ఎవరో గ్లాసుతో టీ తెచ్చిచ్చారు. అతనికి మొహం వేడెక్కింది. అందరూ తనని చూస్తున్న చూపు చూసి ఒక్క క్షణం నిజంగానే మంచిపని చేశాననిపించింది.

"మావయ్యా," అంది ఉషారాణి గుమ్మంలోంచి. "మరి ఆ వాల్వు ఎవరు తెరిచారు?"

టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

"అదా అమ్మా... పాత వాల్వు కదా. దానంతటదే తెరుచుకుంది."

పిల్ల తలూపింది. చదువుకునే పిల్ల; కారణం తెలిసి తృప్తిపడింది. వెళ్తుంటే లోవలక్ష్మి రెండు కేజీల పండుగప్ప చేప తాటాకు బుట్టలో పెట్టి హేండిలుకి తగిలించింది. వద్దన్నాడు. "అన్నయ్యకి పెట్టకపోతే ఎవరికి పెడతాను?" అంది.

కాలవ లాకుల దాకా తొక్కాడు. బుట్ట మోకాలికి కొట్టుకుంటోంది. లాకుల దగ్గర దిగి గట్టు మీద కూర్చున్నాడు. తలుపుల కింద నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. సినిమావాళ్లు ఒక హీరోని తెచ్చిపెట్టారు. తను ఇంకో హీరోని చూపించి, అందర్నీ ఏడిపించి, దీవెన పట్టుకుపోతున్నాడు. ఆ గణేష్‌బాబుకీ తనకీ తేడా ఏముంది? అతనికైనా తెలియదు. తనకి తెలుసు. ఏడేళ్లు నోరు మూసుకుని దాచింది ఇవాళ నోరు తెరిచి దాచాడు. పైగా ఆ పిల్ల అడిగింది. ఇంతమందిలో ఆ ఒక్కత్తే అడగాల్సింది అడిగింది.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నాడు. తర్వాత సైకిలు వెనక్కి తిప్పాడు.

వాకిట్లో ఎవరూ లేరు. లోవలక్ష్మి చాప దులుపుతోంది. అరుగు మీద అచ్చాయమ్మ పక్కన రత్నమాణిక్యం కూర్చుని ఉంది. ముసలావిడ చెయ్యి రత్నమాణిక్యం మోకాలి మీద ఉంది. చంద్రరావుని చూసి రత్నమాణిక్యం చప్పున లేచి నిలబడింది. "రా తమ్ముడూ," అంది.

అతను కూర్చోలేదు. బుట్ట విప్పి అరుగు మీద పెట్టాడు. "ఉషారాణీ, ఇలా రామ్మా," అని పిలిచాడు. పిల్ల వచ్చాక చెప్పాడు.

"వాల్వు దానంతటదే తెరుచుకోలేదమ్మా. నేను తెరిచేను. నూనె వదలడానికి తెరిచి, క్రికెట్టు చూడ్డానికి వెళ్లేను. నాలుగు ఓవర్లు చూసేను. మీ నాన్న నేను తెరిచిన వాల్వు కట్టడానికి వెళ్లేడు. అప్పుడు చెప్పలేదు. ఏడాది కిందట సినిమా ఆయన అడిగితే చెప్పలేదు. పొద్దున్న నువ్వడిగితే అబద్ధం చెప్పేను."

చెయ్యెత్తి కొడతారేమో అని కూడా అనుకున్నాడు, కొడితే బాగుండుననిపించింది. రత్నమాణిక్యం నిలబడ్డది నిలబడ్డట్టే మెల్లగా కూర్చుంది. అచ్చాయమ్మ "ఏంటంటన్నాడే?" అని అటూ ఇటూ అడుగుతోంది. ఉషారాణి అతని చేతుల వైపు చూసి, అమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది.

లోవలక్ష్మి చాప చుట్టడం పూర్తిచేసింది. గోడకి నిలబెట్టింది. అప్పుడు తిరిగింది.

"రేపు సోమవారం. ఏలూరు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. పొద్దున్న ఏడింటి బస్సుకి రండి. ఇదంతా అక్కడ చెప్పండి." ఒక్క క్షణం ఆగి, "వెళ్లండి చంద్రరావుగారూ," అంది.

పాలెం దాటేదాకా ఆ 'గారు' అతని వీపు మీదే ఉంది.

*

ఏలూరు బస్సులో ఇద్దరాడవాళ్లూ ఒక సీట్లో కూర్చున్నారు. చంద్రరావు వెనకాల. భీమవరం దాటేదాకా వాళ్లిద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత రత్నమాణిక్యం ఏదో అంది. లోవలక్ష్మి ఆమె వైపు వంగి వింది. ఏం మాట్లాడుకున్నారో ఇంజను మోతలో అతనికి వినపడలేదు.

కలెక్టరాఫీసు గేటు బయట వేపచెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన బల్ల వేసుకుని కూర్చున్నాడు. పేరు వీరబ్రహ్మం అని చిన్న బోర్డు. కళ్లజోడు సవరించుకుని తెల్లకాగితం తీశాడు.

"ఎవరి మీదండి ఫిర్యాదు?"

ఆడవాళ్లిద్దరూ చంద్రరావు వైపు చూశారు.

"నా మీదేనండి. రొయ్యల ఫ్యాక్టరీ మీద కూడా," అన్నాడు చంద్రరావు.

వీరబ్రహ్మం కలం ఎత్తి పట్టుకుని ముగ్గుర్నీ వరసగా చూశాడు. "మీ మీద మీరే పెట్టుకుంటారా? దీనివల్ల ఏమవుద్దో తెలుసాండి? కేసు మళ్లీ తిరగదోడితే మిమ్మల్ని..."

"తెలుసండి. రాయండి."

"చనిపోయినోళ్ల పేర్లు?"

"కొల్లాటి తాతాజీ," అంది లోవలక్ష్మి. తర్వాత పక్కకి చూసి ఆగింది. రత్నమాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోవలక్ష్మే చెప్పింది: "చిన్నమ్మాయి. పద్దెనిమిదేళ్లు. పాలెమే."

వీరబ్రహ్మం చేయి తిరిగినవాడు. చంద్రరావు ఒక మాట చెప్తే అతను మూడు మాటలు చకచకా రాసుకుపోతున్నాడు. మాస్కుల్లేని బీరువా రాశాడు. తువ్వాలు రాశాడు. పేజీ నిండాక, కాగితం దూరంగా పట్టుకుని గట్టిగా చదివి వినిపించాడు: "...సదరు తేదీన మధ్యాహ్నం మూడున్నర గంటల ప్రాంతంలో, పైన తెలిపిన వాల్వు ప్రమాదవశాత్తూ తెరుచుకొని..."

"ఆగండి," అన్నాడు చంద్రరావు.

"ఏంటండి?"

"తెరుచుకోలేదండి. తెరిచాను. అలా రాయండి."

"రెండూ ఒకటేగా బాబూ. ఆఫీసు భాష అలాగే ఉంటుంది."

"ఒకటి కాదండి."

పెద్దాయన నిట్టూర్చి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. కొట్టివేతలుంటే అర్జీ బాగుండదని, ఇంకో తెల్లకాగితం తీసి మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. చంద్రరావు బల్ల అంచున నిలబడి ఒక్కొక్క మాటా చెప్పాడు. ఆడవాళ్లిద్దరూ చెట్టు మొదట్లో పక్కపక్కన కూర్చుని, అతను చెప్పేది తల తిప్పకుండా వింటున్నారు.